బ్రేక్ దగ్గర అతుకు

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక ప్రశ్న. క్యాసెట్ రికార్డింగ్ షాపుకి వెళ్లి, చీటీ మీద పాటలు రాసిచ్చి, మర్నాడు సాయంత్రం క్యాసెట్ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సంతోషం. నేను చెప్పబోయేదాంట్లో సగం మీకు ముందే తెలుసు.

మా ఊళ్లో ఆ షాపు బస్టాండు ఎదురుగా ఉండేది. అరవై నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు ముప్ఫై. నా చీటీ చూసి షాపాయన, "ఈ పాట చివర్లో వద్దమ్మా, సగంలో తెగుద్ది. రెండోవైపు మొదట్లో పెడతా" అనేవాడు. ఒక హుషారు పాట పక్కన ఏడుపు పాట రాస్తే పెన్సిల్‌తో వాటి నంబర్లు మార్చేసేవాడు. ఆయన ముట్టుకున్న క్యాసెట్ వింటే వేరేగా ఉండేది. పాటలు నావే, వరస ఆయనది. మిక్స్ అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది ఆ కౌంటర్ దగ్గరే.

ఇరవై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, సెలవురోజున పని మిక్స్‌లు చెయ్యడం. పాత ర్యాప్ హిట్లతో, అంటే 1979 నుంచి 1990 దాకా వచ్చిన సరదా పాటలతో, ఆనాటి వాళ్లని మళ్లీ ఆ రోజుల్లోకి తీసుకెళ్లే గంట మిక్స్ ఎలా చెయ్యాలో చెప్పమన్నారు. నాకు తెలిసింది ఒక్కటే మాట. ఆ పాటలు ఎలా పుట్టాయో, వాటి మిక్స్ కూడా అలాగే పుట్టాలి. పాటలో జనం ఏ చోట లేచి ఆడారో ఆ చోటు పట్టుకోవాలి. ఒక పాటకి ఇంకో పాట అతుకు అక్కడే వెయ్యాలి.

ఆ చోటుకి పేరు బ్రేక్. గొంతు ఆగుతుంది, గిటారు ఆగుతుంది, డ్రమ్ములు మాత్రం కొన్ని సెకన్లు ఒంటరిగా మోగుతాయి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ హాల్లో, సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరుస్తున్నారు, కొత్త బట్టలకి డబ్బులు కావాలి. అదీ కారణం. ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు టికెట్. పాటలు వేసింది వాళ్లన్నయ్య క్లైవ్. పద్దెనిమిదేళ్లవాడు, జమైకాలో పుట్టి పన్నెండేళ్ల వయసులో బ్రాంక్స్‌కి వచ్చాడు. డీజే కూల్ హర్క్ అంటే అతనే.

హర్క్ చేసిన గొప్ప పని, పాటల్ని కాకుండా ఆడేవాళ్లని చూడటం. పాట నడుస్తున్నంతసేపు కొందరు గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు. బ్రేక్ రాగానే ఒక్కసారి మధ్యలోకి దూకేవాళ్లు. ఆ కొన్ని సెకన్ల కోసమే వాళ్లు కాచుకుని ఉన్నారని కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో బ్రేక్ అయిపోతుంటే రెండోదాంట్లో అదే బ్రేక్ మొదలు. దీనికి మెర్రీ గో రౌండ్ అని పేరు పెట్టుకున్నాడు. సెకన్ల ముక్క నిమిషాల ఆట అయింది. మైకులో స్నేహితులు వచ్చినవాళ్ల పేర్లు పిలవడం, హుషారు మాటలు అనడం, జనం వంత పలకడం. ఈ వంతలోంచే ర్యాప్ వచ్చింది.

ఆ బిల్డింగ్ చూద్దామని నేనొకసారి వెళ్లాను. పక్కనే హైవే, లారీల హోరు. మామూలు ఎత్తైన అపార్ట్‌మెంట్. ఒకావిడ సరుకుల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని తలుపుని భుజంతో తోసుకుంటూ లోపలికి వెళ్లింది. నేను రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో డ్రమ్ములు వింటూ, చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

హర్క్ తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వచ్చాడు. బార్బడోస్‌లో పుట్టినవాడు, ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాడు. హర్క్ చేతిలో సూది కొంచెం అటూ ఇటూ పడేది. ఫ్లాష్‌కి అది నచ్చలేదు. రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు పెట్టుకుని, బ్రేక్ మళ్లీ రావాలంటే ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్క కట్టాడు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకి ఒక చుట్టు 1.8 సెకన్లు. రంగు గీత గడియారం ముల్లు అయింది, అతకడం లెక్కగా మారింది. ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో లూప్ బటన్, అంటే ఒకే ముక్కని మళ్లీ మళ్లీ తిప్పే బటన్, ఒక్కసారి నొక్కితే అయిపోయేది, అతను వేళ్లతో చేశాడు. ఈ రంగంలో నేను అందరికంటే ఎక్కువగా నమస్కరించేది ఫ్లాష్‌కే.

ఇక హిట్లలోకి వద్దాం. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పాడిన "రాపర్స్ డిలైట్" అమెరికా టాప్ 40లోకి ఎక్కింది. దాన్ని చేయించింది సిల్వియా రాబిన్సన్. ఆవిడ కంపెనీ న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో ఉండేది. మన తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఎడిసన్ నుంచి కారులో వెళ్లొచ్చే దూరమే. పెద్ద రికార్డు మీద దాదాపు పద్నాలుగున్నర నిమిషాల పాట. దాని కింద నడిచేది షీక్ అనే బ్యాండ్ అదే ఏడాది చేసిన "గుడ్ టైమ్స్" బేస్ లైన్, అంటే బేస్ గిటారు వరస. అదే వరసని స్టూడియోలో వేరే వాళ్లు మళ్లీ వాయించారు. షీక్ వాళ్లు గట్టిగా అడిగాక రచయితలుగా వాళ్ల పేర్లు చేరాయి. మరో ఉదాహరణ. రన్ డీఎంసీ కుర్రాళ్లు ఏరోస్మిత్ అనే రాక్ బ్యాండ్ 1975 నాటి పాట "వాక్ దిస్ వే" మొదట్లోని డ్రమ్ముల మీద ఎప్పటినుంచో ర్యాప్ చేస్తున్నారు. గొంతు మొదలయ్యేలోపే రికార్డు వెనక్కి తిప్పేసేవాళ్లు కాబట్టి, ఆ తర్వాత ఏముందో వాళ్లు పట్టించుకోలేదు. ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ పూర్తి పాట చెయ్యమన్నాడు. 1986లో ఏరోస్మిత్ వాళ్లతో కలిసి చేసిన ఆ పాట నాలుగో స్థానం దాకా వెళ్లింది.

చూశారా, ఈ హిట్లన్నీ అతుకులే. అందుకే వీటిని ఏళ్ల వారీగా పేరిస్తే చచ్చుబడిపోతాయి. ఈ మాట నాకు దెబ్బ తగిలాక తెలిసింది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టి పెరిగిన సహోద్యోగి ఒకాయన యాభయ్యో పుట్టినరోజుకి మిక్స్ చెయ్యమని అడిగారు. నేను శ్రద్ధగా 1979 నుంచి 1990 దాకా వరసగా పేర్చుకెళ్లాను. మూడో పాటగా "ద మెసేజ్" పెట్టాను. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరుతో వచ్చింది. అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచదగ్గ రికార్డింగులని 2002లో ఎంచిన మొదటి యాభైలో అది ఉంది. ర్యాప్ మొత్తంలో అంతకంటే గొప్ప పాట నాకు తెలియదు. అది మొదలవగానే ఆడుతున్నవాళ్లు ఆగిపోయారు. అందరూ నోటితో ఆ మాటలు కదుపుతూ నిలబడ్డారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. బీదరికం గురించి, పగిలిన అద్దాల వీధి గురించి చెప్పే పాట అది, మరి. తర్వాత ఆ గదిని మళ్లీ ఆటలోకి తేవడానికి అరగంట పట్టింది. అప్పటినుంచి సరదా మిక్స్‌లో "ద మెసేజ్" వెయ్యను. దాన్ని కూర్చుని, ఒంటరిగా, మొత్తం వినాలి.

ఇప్పుడు ఒక్క అతుకు దగ్గరగా చూపిస్తాను. "రాపర్స్ డిలైట్" వేగం నిమిషానికి దాదాపు 111 బీట్లు. రాబ్ బేస్, డీజే ఈజీ రాక్ 1988లో చేసిన "ఇట్ టేక్స్ టూ" దాదాపు 112. తేడా ఒక శాతం కూడా లేదు. కానీ ఇక్కడే టెన్షన్ ఉంది. 1979 పాటని బ్యాండ్ వాళ్లు చేత్తో వాయించారు. మనిషి చెయ్యి ఒకచోట కొంచెం ఉరుకుతుంది, ఒకచోట కొంచెం సాగుతుంది. 1988 పాట మెషీన్ మీద కట్టింది, అది కదలదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ చూపించే అంకెని నమ్మి వదిలేస్తే పది సెకన్లలో రెండు డ్రమ్ములు గుర్రాలు పరిగెత్తినట్టు వినిపిస్తాయి. నేను ఏం చేస్తానంటే, పాత పాటలో మాటలు ఆగి బేస్ ఒక్కటే నడిచే చోటు చూసుకుని అక్కడ లూప్ చేస్తాను. లూప్ చేస్తే ఆ ముక్క వేగం ఇక మారదు. ముప్ఫై రెండు బీట్లు, అంటే పదిహేడు సెకన్లు. ఆ పదిహేడు సెకన్లలో పాత పాట బేస్ మెల్లగా తగ్గిస్తూ, కొత్త పాటలోని కేకని ఒక్కసారి వదులుతాను. ఒక్కసారే. జనం తలలు తిప్పి చూస్తారు. ఎనిమిది బీట్ల తర్వాత మళ్లీ. అప్పటికి సగంమంది గుర్తుపట్టేస్తారు. మూడోసారి డ్రమ్ములతో సహా పడుతుంది.

ఆ కేక రాబ్ బేస్‌ది కాదు. జేమ్స్ బ్రౌన్ 1972లో లిన్ కాలిన్స్ అనే గాయని చేత పాడించిన "థింక్" అనే పాటలోని బ్రేక్ అది. కాబట్టి ఆ పదిహేడు సెకన్లలో మీరు వింటున్నది 1972, 1979, 1988 మూడూ ఒకేసారి.

వేగాల సంగతి కొంచెం త్వరగా చెప్పేస్తాను. సరదా హిట్లు ఎక్కువగా రెండు గుంపులు. 106 నుంచి 116 దాకా ఒకటి, 126 నుంచి 130 దాకా ఒకటి. గుంపు లోపల సాగదీసి కలపొచ్చు. "వాక్ దిస్ వే" 106 దగ్గరుంటుంది, దాన్ని 112కి తేవడమంటే ఆరు శాతం కన్నా కొంచెం తక్కువ. పాత పద్ధతిలో వేగం ఆరు శాతం పెంచితే శ్రుతి దాదాపు అర స్వరం పైకి పోతుంది, గొంతు పిల్లాడి గొంతవుతుంది. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే కీ లాక్ బటన్ వేసుకోండి. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మాత్రం సాగదీయొద్దు, దూకండి. కర్టిస్ బ్లో 1980 పాట "ద బ్రేక్స్" పేరులోనే బ్రేక్ ఉంది. ర్యాప్ పాటల్లో మొదటి గోల్డ్ రికార్డు. అందులో మాటలు ఆగి తాళవాద్యాలు మోగే చోట్లు ఉన్నాయి. అక్కడ ఆపేసి, ఆఫ్రికా బంబాటా 1982 పాట "ప్లానెట్ రాక్" మొదట్లో వచ్చే పిలుపు వెయ్యండి. ఆ పిలుపు కింద ఇంకా డ్రమ్ములు ఉండవు కాబట్టి వేగం మారిందని ఎవరికీ తెలియదు. తెలిసేసరికి 128లో ఆడుతుంటారు.

ఆ గుంపులోనే "పుష్ ఇట్" ఉంది. ఈ పాట గురించి చెప్పకుండా ఉండలేను. సాల్ట్ ఎన్ పెపా 1987లో దీన్ని ఇంకో పాట రికార్డుకి వెనకవైపు వేశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో కామెరాన్ పాల్ అనే డీజే దాన్ని తీసుకుని, మిక్స్ చేసి రేడియోలో వేశాడు. ఆ మిక్సే దేశమంతా పాకింది. అంటే పాట చేసినవాళ్లు వెనక పెట్టినదాన్ని మిక్స్ చేసేవాడు ముందుకి తెచ్చాడు. మా ఊరి షాపాయన పెన్సిల్ నాకు ఇక్కడ గుర్తొస్తుంది.

పాటలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పాత హిట్ల సంకలనాల్లో చాలాసార్లు అదే గాయకులు ఏళ్ల తర్వాత మళ్లీ పాడిన వెర్షన్ ఉంటుంది. పేరు అదే, బొమ్మ అదే, పాట వేరు. ఆ రోజుల్లో వినినవాడికి రెండో సెకన్‌లోనే తెలిసిపోతుంది, వాడి ముఖం మారిపోతుంది. పెద్ద రికార్డు వెర్షన్ దొరికితే అదే తీసుకోండి, అందులో మాటలు లేని జాగా ఎక్కువ.

మరి 1990 దగ్గరే ఎందుకు ఆగుతున్నాను? 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు బిజ్ మార్కీ అనే రాపర్ మీద వచ్చిన కేసులో తీర్పు చెప్పింది. అనుమతి లేకుండా వేరే పాట ముక్క వాడుకున్నాడని. దొంగిలించకూడదు అనే దైవాజ్ఞతో ఆ తీర్పు మొదలవుతుంది. ఆ తర్వాత ప్రతి ముక్కకీ అనుమతి, డబ్బు. పది పాటల ముక్కలతో ఒక పాట కట్టే ధైర్యం తగ్గింది. డి లా సోల్ బృందం 1989లో అలా కట్టిన మొదటి ఆల్బమ్, ఈ హక్కుల చిక్కుల వల్ల స్ట్రీమింగ్‌లోకి రావడానికి 2023 మార్చి దాకా పట్టింది. ఇన్నేళ్లు ఆన్‌లైన్‌లో సరిగ్గా దొరకని ఆ ఆల్బమ్‌లోంచి "మీ మైసెల్ఫ్ అండ్ ఐ" ఒక్క నిమిషం వేసి చూడండి. యాభై దాటినవాళ్లు మీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు.

మన దగ్గర ఈ మిక్స్ చేసేవాళ్లకి ఒక మాట. మనలో చాలామంది అసలు కన్నా ముందు నకలు విన్నాం. 1981లో క్వీన్ అనే బ్యాండ్, డేవిడ్ బోవీ కలిసి చేసిన "అండర్ ప్రెషర్" బేస్ లైన్ 1990లో వెనిలా ఐస్ "ఐస్ ఐస్ బేబీ" అయింది, అది 1992లో బాబా సెహగల్ "ఠండా ఠండా పానీ" అయింది. మనకి కాలేజీ రోజులు గుర్తొచ్చేది మూడోదాంతోనే. దాన్ని వెయ్యడానికి సిగ్గుపడొద్దు. మూడింటినీ ఒకే బేస్ మీద వరసగా నిలబెట్టండి.

ఇంకో పాట కూడా మరవొద్దు. డీజే జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ 1988లో చేసిన "పేరెంట్స్ జస్ట్ డోంట్ అండర్‌స్టాండ్". ఫ్రెష్ ప్రిన్స్ అంటే విల్ స్మిత్. బడికి బట్టలు కొనడానికి అమ్మ తీసుకెళ్లి, పాత ఫ్యాషన్ బట్టలు అంటగడుతుంది. ర్యాప్‌కి ఇచ్చిన మొదటి గ్రామీ అవార్డు దానికే. సిండీ పార్టీ కూడా బడి బట్టల కోసమే కదా. ఈ పాట వేసినప్పుడల్లా నాకు ఆ హాలు కళ్లముందుకొస్తుంది.

చివరి పాట ఎప్పుడూ బిజ్ మార్కీదే. కేసులో ఓడిన ఆ బిజ్ మార్కీయే. 1989 పాట "జస్ట్ ఎ ఫ్రెండ్", వేగం 90 దగ్గర. దీనికి అతుకు అక్కర్లేదు, అంతకుముందు పాట ఆపి రెండు సెకన్లు నిశ్శబ్దం ఇచ్చి మొదలుపెట్టండి. పల్లవి వేరేవాళ్లతో పాడిద్దామనుకున్నానని, ఎవరూ రాకపోతే తనే పాడానని బిజ్ తర్వాత చెప్పాడు. శ్రుతి ఎక్కడికక్కడ తప్పుతుంది. అయినా ఆ గొంతులో ఉన్న బాధ, ధైర్యం చూసి జనం ఆ పాటని తొమ్మిదో స్థానం దాకా మోశారు. 2021లో ఆయన పోయాడు.

మిక్స్ తయారుగా ఉంది, ఇప్పుడు వేస్తాను. కుర్చీలు కొంచెం గోడవైపు జరపండి. చివర్లో బిజ్ పల్లవి రెండోసారి వచ్చినప్పుడు నేను సౌండ్ పూర్తిగా తీసేస్తాను. ఆ నాలుగు వరసలు మీరే పాడాలి.