భయంతో బల్ల దగ్గరికి రావచ్చా?

తమ్ముడు: అందరికీ వందనాలండి. కిందటి వారం చెప్పినట్టే ఇవాళ్టి అంశం విశ్వాసి జీవితంలో మంచి భయం, చెడ్డ భయం. అక్క ఈసారి గొడుగు తెచ్చుకుంది, అందుకే టైముకి మొదలెట్టేశాం.

అక్క: గొడుగు ఊసు ఎత్తకు. వందనాలండి.

తమ్ముడు: ముందు నేను రెండు ముక్కలు చెప్పేస్తాను. ధవళేశ్వరం దగ్గర...

అక్క: అప్పుడే వరదల కబుర్లా?

తమ్ముడు: వినక్కా. గోదావరి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక చెవిన పడగానే నది మధ్య లంకల్లో ఉన్నోళ్ళు గొడ్లని తోలుకుని గట్టెక్కేస్తారు. అది మంచి భయం. సామెతలు 9:10 జ్ఞానానికి మూలం అన్నది అలాంటి భయాన్నే. ఇక చెడ్డ భయమంటే ఆదాముది. దేవుని అలికిడి వినబడగానే చెట్ల చాటుకి పోయాడు. ప్రభువు చెప్పిన కథలో తలాంతు, అంటే యజమాని ఇచ్చిన సొమ్ము, పాతిపెట్టిన పనివాడిదీ అదే, మత్తయి 25. యజమాని కఠినుడని భయపడి సొమ్ము మట్టిలో దాచేశాడు. గట్టెక్కించేది మంచిది, దాక్కోమనేది చెడ్డది.

అక్క: బాగా చెప్పావు. ఇప్పుడు ఈ సందేశం విను. ప్రభువు బల్ల గురించి, అంటే సంఘంలో ఆయన మరణాన్ని తలుచుకుని రొట్టె తిని, పాత్రలోది తాగడం గురించి. పేరు చదవను. ఉండి అనే ఊరి దగ్గర నుంచి ఒక చెల్లెమ్మ. "ఆదివారం వాక్యం వరకు కూర్చుంటాను. బల్ల సమయం రాగానే భయమేసి లేచి వచ్చేస్తాను. అయోగ్యంగా తింటే రోగం వస్తుందని మా సంఘంలో చెప్పారు. ఇప్పుడు మా పాపకి ఒంట్లో బాగోట్లేదు. నా వల్లేనా?" అని అడుగుతోంది.

తమ్ముడు: అయ్యో.

అక్క: ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోవడం గట్టెక్కడమా, దాక్కోవడమా?

తమ్ముడు: పాప సంగతి వేరు, ఆ అమ్మాయి మీద ఆ బరువు పెట్టినవాళ్ళది తప్పే. కానీ అక్కా, బల్ల దగ్గర భయం ఉండాలి. మా పాలకొల్లులో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం. ముసలాళ్ళు ముందురోజు రాత్రే మోకాళ్ళ మీద ఉండేవారు, గొడవపడినవాళ్ళ ఇంటికెళ్ళి మాట్లాడుకుని వచ్చేవారు. ఇప్పుడో, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో రొట్టె. మొదటి కొరింథీ 11:30లో పౌలు కొరింథు సంఘానికి రాసింది ఊరికే కాదు కదా. అందువల్లే మీలో చాలామంది బలహీనులు, రోగులు, కొందరు చనిపోయారని రాశాడు. దాన్ని చింపేస్తామా?

అక్క: చింపక్కర్లేదు, 20వ వచనం నుంచి చదవాలి. మనవాళ్ళు అయోగ్యంగా తినడం గురించి చెప్పిన 27తో మొదలెడతారు. అంతకుముందు ఏముంది? కొరింథు సంఘంలో డబ్బున్నోళ్ళు ముందే వచ్చి తినేస్తున్నారు, కొందరికి మత్తు కూడా ఎక్కుతోంది. లేనోళ్ళు ఆకలితో నిలబడుతున్నారు. పేదలని సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడింది అందుకు. ఆ కోపంలోనే రోగం మాట, చావు మాట వచ్చాయి. ఇంటిదగ్గర పిల్లల మీద అరిచి వచ్చిన తల్లిని ఉద్దేశించి రాసిన మాటలు కావవి.

తమ్ముడు: సందర్భం అదే, ఒప్పుకుంటాను. కానీ ఎవణ్ణి వాడు పరీక్షించుకోవాలని కూడా అక్కడే ఉంది.

అక్క: 28. పూర్తిగా చదువు.

తమ్ముడు: పరీక్షించుకుని... ఆ రొట్టె తినాలి, పాత్రలోది తాగాలి.

అక్క: తినాలి అన్నాడు, మానెయ్యమనలేదు. మనం దాన్ని తిరగేశాం. పరీక్షించుకో, తేడా ఉంటే బయటికి పో అన్నట్టు. ఆ మొదటి బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? తెల్లారేలోపు మూడుసార్లు ఎరగనని బొంకబోయే పేతురు. ఆ సంగతి ప్రభువుకి ముందే తెలుసు, అయినా లేచి వెళ్ళిపొమ్మనలేదు.

తమ్ముడు: ఆయన్ని పట్టించబోయే యూదా కూడా ఉన్నాడు. లూకా 22:21.

అక్క: ఉన్నాడు. యూదా చేసిన పని భయపడాల్సిందే, నేను కాదనను. నేననేది, ఆ భయం ఎవరికి అప్పజెప్పాం అని. డెల్టాలో కూర్చుని అడుగుతున్నాను. ఎవరింట్లో ఎవరు అన్నం తింటారో, ఎవరింట్లో గుమ్మం దగ్గరే మంచినీళ్ళు ఇచ్చి పంపిస్తారో మనకి తెలుసు. ఆదివారం ఒకే రొట్టె, సోమవారం వేరు వేరు గ్లాసులు. ఆ పని చేసేవాడు ఏనాడైనా బల్ల దగ్గర వణికాడా? వణుకుతున్నది ఆ చెల్లెమ్మ. కొరింథు వాక్యం ఎవరిని గద్దించిందో వాళ్ళు నిశ్చింతగా తింటున్నారు, ఎవరి పక్షాన నిలబడిందో వాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు.

తమ్ముడు: ...ఆ మాట మా పెద్దల ముందు అంటావా?

అక్క: అన్నాను. మీ పెద్దాయనతోనే, ఒక ప్రసంగం తర్వాత.

తమ్ముడు: ఓహో, అందుకా ఆయన మనతో మాట్లాడట్లేదు! సరే. అయినా నా భయం ఇంకోటి. ఎవరైనా రావచ్చు, ఎలాగైనా రావచ్చు అంటే బల్లకి విలువేముంది? ధవళేశ్వరంలో 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. అంతకుముందు హెచ్చరికలు విని విని అలవాటైపోయి, ఎప్పుడూ వచ్చేదేలే అనుకున్నవాళ్ళే ఎక్కువ నష్టపోయారని మా నాన్న చెప్పేవారు. అలవాటు భయాన్ని చంపేస్తుందక్కా.

అక్క: ఆ మాట నిజం. దానికి మాత్రం నా దగ్గర ఎదురు మాట లేదు. కానీ అమ్మమ్మ సంగతి నీకు తెలుసు.

తమ్ముడు: తెలుసు. చెప్పు, వినేవాళ్ళకి తెలీదు.

అక్క: మా చిన్న మావయ్య జ్వరంతో పోయాడు, పసివాడు. ఆ ఆదివారమే అమ్మమ్మ బల్లలో పాలుపొందింది. మనసులో ఏదో పెట్టుకుని తిన్నావు, అందుకే ఇలా అయిందని ఒక పెద్దమనిషి ఆవిడ మొహం మీదే అన్నాడు. ఇక అమ్మమ్మ రొట్టె ముట్టలేదు. పాటలు పాడేది, ప్రార్థన చేసేది, చందా ఇచ్చేది, బల్ల దగ్గర మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని తల దించుకునేది. అది భక్తి అనుకున్నారందరూ. నేను పెద్దయ్యాక అడిగితే, దేవుడు ఇంకొకళ్ళని తీసుకుపోతాడేమోనమ్మా, మీరంతా ఉన్నారు కదా అంది. తన దేవుణ్ణి చూసి తన పిల్లల కోసం భయపడింది. అంతకంటే చెడ్డ భయం నాకు తెలీదు.

తమ్ముడు: నాకు ఇంత వివరంగా తెలీదక్కా. ఒంట్లో బాగుండేది కాదేమో, అంతే అనుకున్నాను.

అక్క: ఆ చెల్లెమ్మ సందేశం చదవగానే అమ్మమ్మే కనబడింది. అందుకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఏమీ అనుకోకు.

తమ్ముడు: అనుకోను. 1996 తుఫాను అప్పుడూ ఇంతే. నవంబరు 6. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టం, వెయ్యిమందికి పైగా పోయారు. పాపం పండింది కాబట్టే అని ఒకాయన కూటాల్లో చెప్పుకుంటూ తిరిగాడు. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ముందు వరసలో కూర్చుని విన్నారు. ప్రభువు కూడా ఇదే ప్రశ్న వేశాడు కదా. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. లూకా 13.

అక్క: ఆ వెంటనే మీరు మారుమనస్సు పొందండి అని కూడా అన్నాడు. భయం తీసెయ్యలేదు. చచ్చిపోయినవాళ్ళ మీద నుంచి తీసి వింటున్నవాళ్ళ ముందు పెట్టాడు.

తమ్ముడు: చూశావా, నా మాటకే వచ్చావు.

అక్క: సగం వచ్చాను. ఇదిగో, అంశం మిగిలిపోయింది. గబగబా చెప్పేద్దాం. నిర్గమకాండం 20:20. సీనాయి కొండ దగ్గర ఉరుములు, పొగ. భయపడకండి అంటాడు మోషే. అదే వచనంలో, మీరు పాపం చెయ్యకుండా ఆయన భయం మీకు కలగాలనే దేవుడు వచ్చాడంటాడు. రెండు భయాలూ ఒక్కచోటే ఉన్నాయి. తర్వాత షిఫ్రా, పూయా అనే మంత్రసానులు. హెబ్రీయులకి పుట్టే మగపిల్లల్ని చంపమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ మంత్రసానులు దేవునికి భయపడ్డారు కాబట్టి రాజుకి భయపడలేదు. పిల్లలు బతికారు.

తమ్ముడు: నేను ప్రార్థన చేసిన నూనె సీసాల గురించి చెప్పాలనుకున్నాను. తాయెత్తు తీసేసి దాని చోట నూనె సీసా పెట్టుకున్నవాళ్ళు. ఈ మెసేజ్ 10 మందికి పంపకపోతే కీడు జరుగుతుందని పంపేవాళ్ళు. దశమభాగం, అంటే ఆదాయంలో పదోవంతు, సంఘానికి ఇవ్వకపోతే ఆస్పత్రికి కడతావని బెదిరించేవాళ్ళు. దేవుని పేరుతో అప్పులవాడిలా మనుషుల్ని...

అక్క: అది ఇంకో గంట పడుతుంది. ముందు ఆ చెల్లెమ్మకి జవాబు చెప్పాలి. అమ్మా, పాపని డాక్టరుకి చూపించు, ఆలస్యం చెయ్యకు. పాప జ్వరం నీ రొట్టె వల్ల రాలేదు. వచ్చే ఆదివారం లేచి వెళ్ళిపోకు. ఒంటరిగా కూర్చోలేకపోతే నిన్ను ఎరిగిన ఒక అక్కని పక్కన కూర్చోబెట్టుకో.

తమ్ముడు: ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే శనివారమే వెళ్ళి మాట్లాడి రామ్మా. ఇది నేను కలుపుతున్నాను.

అక్క: కలుపు, మంచిదే. కానీ అవతలివాళ్ళు మాట్లాడకపోయినా నువ్వు మాత్రం బల్ల దగ్గరికి రా.

తమ్ముడు: ఇక్కడ నేను ఒప్పుకోను. మత్తయి 5లో ప్రభువు అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు సమాధానపడమన్నాడు.

అక్క: అక్కడ వెళ్ళి అడగమన్నాడు. అవతలివాడు తలుపు తియ్యకపోతే?

తమ్ముడు: తీసేదాకా...

అక్క: ఎన్నాళ్ళు? అమ్మమ్మలాగా పోయేదాకానా?

తమ్ముడు: అలా అనలేదు. పౌలు రోమా 12:18లో శక్యమైతే అందరితో సమాధానంగా ఉండమన్నాడు, అదీ తెలుసు నాకు. కానీ దానికి హద్దు ఎక్కడో నాకింకా తేలలేదు.

అక్క: 10వ అధ్యాయం చదువుకురా, మొదటి కొరింథీ. 16, 17, ఒకే రొట్టె, ఒకే శరీరం అన్నచోటు. వచ్చేవారం అక్కణ్ణుంచి మొదలెడదాం. నీకు నరసాపురం బండి టైమైపోతోంది.

తమ్ముడు: ఆరున్నరకి కదా?

అక్క: ఆరుకి. లే.