పెద్ద చక్రానికి ముందు మార్చాల్సింది క్రాంకే

(పర్లాకిమిడిలో సైకిల్ మిత్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. 36 అంగుళాల యూనిసైకిల్‌కి, అంటే ఒంటి చక్రం సైకిల్‌కి, ముందు ఏ పార్టు మార్చాలని చాలామంది అడుగుతున్నారు. ఏ దారిలో తొక్కుతారన్నది నా ఎదురు ప్రశ్న. కాశీనగర్ వైపు వంశధార పక్కన చదును. గుమ్మ వైపు తిరిగామా, కొండలే. తారు, కంకర, వాన పడితే ఎర్రమట్టి బురద, అన్నీ ఒక్కపూటలోనే తగులుతాయి.

ఈ చక్రం ఒక్క చుట్టు తిరిగితే సుమారు 2.87 మీటర్లు పోతుంది. నిమిషానికి 100 చుట్లు తొక్కితే గంటకి 17 కిలోమీటర్లు. గొలుసు లేదు, తొక్కకుండా చక్రాన్ని ఊరికే తిరగనిచ్చే ఫ్రీవీల్ లేదు. మనకున్న గేర్ అల్లా క్రాంక్ పొడవే, అంటే పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ పొడవే.

తారు మీద 114 మిల్లీమీటర్ల క్రాంక్ హాయిగా ఉంటుంది. కాలు చిన్న చుట్టు తిరుగుతుంది, బండి అటూఇటూ ఊగదు. అదే క్రాంక్‌తో కంకర ఎత్తు ఎక్కబోతే, ఒక పెడల్ పైన, ఇంకోటి కింద ఉన్న క్షణంలో చక్రం మొండికేస్తుంది. మనం నేల మీద నిలబడి ఉంటాం. 150 మిల్లీమీటర్ల క్రాంక్ అంటే మరీ పొడుగని భయపడేవాళ్లు ఈ లెక్క చూడండి: 36 చక్రానికి 150 ఇచ్చే బలం, 29 అంగుళాల చక్రానికి 121 ఇచ్చే బలంతో సమానం. అంటే అదేమంత పొడుగు కాదు.

నా సలహా, పెడల్ బిగించడానికి రెండు రంధ్రాలున్న క్రాంక్. ఒకటి 127 దగ్గర, ఒకటి 150 దగ్గర. ఘాట్ మొదట్లో ఆగి, పానాతో పెడల్ విప్పి లోపలి రంధ్రంలోంచి చివరి రంధ్రానికి మార్చుకోవచ్చు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుందని మరవకండి. బలవంతంగా తిప్పితే క్రాంకే పాడవుతుంది.

తర్వాత బ్రేకు. దిగుడులో బ్రేకు లేకపోతే చక్రాన్ని ఆపేది మోకాళ్లే. మీట సీటు ముక్కు కింద ఉంటుంది. ఒక్క వేలితో, మెల్లగా, వదలకుండా నొక్కాలి. గట్టిగా లాగితే చక్రం ఆగుతుంది, మనం ఆగం. మన బురదకి రిమ్ము బ్రేకు కన్నా డిస్కే మేలు, రిమ్ము బ్రేకు రబ్బర్లు మట్టికి ఇట్టే అరిగిపోతాయి. కొన్ని బళ్లలో డిస్కుని కుడి క్రాంక్‌కే బిగిస్తారు. వాటిలో క్రాంక్ మార్చడం పెద్ద పని. రెండు రంధ్రాలది తీసుకోమన్నది అందుకు కూడా.

సీటు ఎవరికి నప్పింది వాళ్లది, దాని మీద వాదన అనవసరం.

టైరు సంగతి వేరు. 36 రిమ్ము మీద టైరు కూర్చునే చోటు కొలత 787 మిల్లీమీటర్లు. మన సైకిల్ షాపుల్లో ఆ టైరు, ట్యూబు దొరకవు. స్పేర్ ట్యూబు దగ్గర పెట్టుకోండి. 29 వాడేవాళ్లకి ఆ టెన్షన్ తక్కువ, దాని కొలత 622. పాత పెద్ద సైకిల్ 28 టైరు దానికి సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అది 635.

గేర్ హబ్బు, అంటే చక్రం మధ్యలోనే గేరు ఉండేది, దాని గురించి అడుగుతారని తెలుసు. ఇరుసు చివరి బొత్తాన్ని మడమతో నొక్కితే పెడల్ ఒక్క చుట్టుకి చక్రం 1.55 చుట్లు తిరుగుతుంది, 36 చక్రం 56 చక్రంలా పోతుంది. హైవేకి బాగుంటుంది. మన కంకరకి అంత డబ్బు, అంత బరువు నాకు దండగే అనిపిస్తుంది.

బండి బయటే ఉంది. పెడల్ 150లో పెట్టాను. ఆ గట్టు ఎక్కి చూసి, పానా అడగండి. 127కి మార్చుకుని మళ్లీ ఎక్కండి.