ఆల్బర్ట్ ఐలర్ 'స్పిరిచువల్ యూనిటీ' ఎల్‌పీ రివ్యూ: ముందు ఆ వరస పట్టుకోండి

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రికార్డు ఒక షాపు వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా చెప్పు అలా చెప్పు అని కూడా అనలేదు. ఇది ఏ ముద్రణో, రేటెంతో ఆ వివరాల జోలికి వెళ్లను. 1964 జులైలో న్యూయార్క్‌లో రికార్డ్ చేసిన జాజ్ ఇది. అమెరికన్ జాజ్ కళాకారుడు ఐలర్ శాక్సఫోన్, గ్యారీ పీకాక్ బేస్, సన్నీ ముర్రే డ్రమ్స్. మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. రెండు వైపులూ కలిపినా అరగంట లోపే.

నేను మాట్లాడాలనుకున్నది ఇందులోని ఒక్క 'ఘోస్ట్స్' అనే పాట గురించే. సైడ్ ఎలో మొదటిదీ, సైడ్ బిలో ఆఖరిదీ అదే. ఇది ఫ్రీ జాజ్, అంటే తాళం, స్వరాల కట్టుబాట్లు వదిలేసి వాయించే జాజ్. అందులో ట్యూన్ ఉండదని చాలామంది భయపెడతారు. నాకు ఆ మాట వింటేనే కోపం వస్తుంది. ఈ పాటలో ఉన్నది పిల్లలు గుండ్రంగా తిరుగుతూ పాడుకునేటంత తేలికైన వరస! ఐలర్ దాన్ని గొంతు వణికినట్టు, నిండుగా ఊదుతాడు. తర్వాత ముక్కలు ముక్కలు చేస్తాడు. ముర్రే తాళం లెక్కపెట్టడు, సింబల్స్ అనే లోహపు పళ్లేల మీద అలలా పోతూనే ఉంటాడు. ఇక దారి తప్పిపోయాం అనుకున్నప్పుడు ఆ వరస తిరిగొస్తుంది. జాతరలో చెయ్యి వదిలేసిన పిల్లాడికి జనం మధ్య నాన్న చొక్కా కనబడినట్టు ఉంటుంది నాకు.

మొదటి రోజు మా అమ్మ "ఆ గోల తగ్గించరా" అంది. నాలుగో రోజు పప్పుకి తాలింపు పెడుతూ అదే వరస కూనిరాగం తీస్తోంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి, ఆవిడ ఆపలేదు. ఏం పాటమ్మా అంటే, "ఏమో, ఎక్కడో విన్నాను" అంది.

ఆ 'ఎక్కడో విన్నాను' అన్న మాటలోనే ఐలర్ ఉన్నాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన నల్లవాళ్ల చర్చి పాటలు కొన్నింటిని దాదాపు ఉన్నవి ఉన్నట్టే రికార్డ్ చేశాడు. అంతకుముందు అమెరికా సైన్యంలో ఉండగా ఫ్రాన్స్‌లో మిలిటరీ బ్యాండ్‌లో వాయించాడు. అందుకే 1965 నాటి 'స్పిరిట్స్ రిజాయిస్'లో ఫ్రెంచ్ జాతీయగీతం ఛాయ వినగానే తెలిసిపోతుంది. 1969లో చార్లీ హేడెన్ అనే జాజ్ బేస్ వాద్యకారుడు స్పెయిన్ అంతర్యుద్ధం పాటలు తీసుకుని ఒక ఆల్బమే చేశాడు. జనం నోట్లో నలిగిన పాట దొరికితే వీళ్లు వదల్లేదు.

నేను మాత్రం ఈ సంగీతం వినడం ఆర్నెట్ కోల్‌మన్ అనే శాక్సఫోన్ వాద్యకారుడి 'ఫ్రీ జాజ్' ఆల్బమ్‌తో మొదలుపెట్టాను. ఎడమ స్పీకర్‌లో నలుగురు, కుడి స్పీకర్‌లో నలుగురు వాయిస్తుంటారు. సగంలో ఆపేశాను, రెండేళ్లు ఈ సంగీతం వైపే చూడలేదు. ఇప్పుడది ఇష్టమే, కానీ మొదటి రికార్డుగా మాత్రం ఎవరికీ చెప్పను.

ఇంతకుముందు ఇదే ఐలర్ రికార్డును ఆన్‌లైన్‌లో కొంటే వంగిపోయి వచ్చింది. సరిగ్గా వరస తిరిగొచ్చే చోట సూది ఎగిరేది! అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఈ కాపీ చదునుగా ఉంది, పీకాక్ వేళ్లు తీగ మీద పడటం కూడా వినిపిస్తోంది.

అరగంట సంగీతానికి రేటు ఎక్కువే. అయినా కొనండి. నేనైతే ఇది ఫ్రీగా రాకపోయినా కొనేవాణ్ణి. రాగానే సైడ్ బి పెట్టకండి. సైడ్ ఎలో మొదటి పాట మూడుసార్లు వినండి, వరస నోటికొచ్చాక రికార్డు తిప్పండి.