ఆ చెయ్యి ఎవరిది?

శ్రోతలకు నమస్కారం. షర్లీ జాక్సన్ 1959లో ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ అనే నవల రాసింది. దాన్ని 1963లో రాబర్ట్ వైజ్ ‘ది హాంటింగ్’ పేరుతో తెరకెక్కించాడు. నలుపు తెలుపు సినిమా. దయ్యం వినిపిస్తుంది, కనిపించదు. ఈ ముక్క గుర్తుంచుకోండి: వినిపిస్తుంది, కనిపించదు.

ఒక్క సన్నివేశం చెప్తాను. అర్ధరాత్రి. దయ్యాలున్నాయని పేరుపడ్డ ఇంట్లో దిగిన ఇద్దరు ఆడవాళ్లు, ఎలినార్, థియో, ఒకే గదిలో పడుకున్నారు. గోడ అవతల ఎవరో గొణుగుతున్నారు, మాట తెలియడం లేదు. అంతలో పసిబిడ్డ ఏడుపు. “థియో, నా చెయ్యి పట్టుకో” అంటుంది ఎలినార్. కెమెరా ఆమె ముఖం చూపిస్తుంది, గోడ మీది లతల నగిషీ చూపిస్తుంది, మళ్లీ ముఖం. చూస్తూ చూస్తూ ఉంటే ఆ ఆకుల్లోంచే కళ్లు, నోరు తేలతాయి. పట్టు బిగుస్తోంది. వేళ్లు నలిగిపోతున్నాయి. ఇక ఓర్చుకోలేక అరుస్తుంది. దీపం వెలిగింది. థియో గదికి ఆ చివర మంచం మీద ఉంది. మరి ఇంతసేపూ పట్టుకున్న చెయ్యి ఎవరిది?

కిటుకు చిన్నదే. ఆ రెండో చెయ్యిని మనకు చూపించరు. ఇద్దరి మధ్యా ఎంత దూరముందో దీపం వెలిగేదాకా తెలియనివ్వరు. పైగా చప్పుళ్లు ముందే రికార్డు చేసి సెట్లో వినిపించారు, అందుకే నటుల ఉలికిపాటు సరిగ్గా చప్పుడు మీదే పడుతుంది.

ఇంకోచోట పెద్ద తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబుకుతుంది. పొరలు పొరలుగా అతికించిన చెక్క తలుపది, వెనకనుంచి బలంగా నెట్టారు, అంతే. కొన్ని షాట్లలో గోడలు వంగినట్టుంటాయి. సినిమా లెన్సులు తయారుచేసే పానావిజన్ కంపెనీ వారి 30 మిల్లీమీటర్ల లెన్సు అప్పటికింకా పూర్తిగా కుదరలేదు, గీతలు వంకర పోతున్నాయి. వైజ్‌కి కావలసింది ఆ వంకరే. లోపముందని తెలిసే తీసుకుంటున్నానని సంతకం పెట్టి మరీ పుచ్చుకున్నాడు.

ఇంట్లో చూసేవారికి ఒక్క మాట. మొదటి రాత్రి తలుపులు బాదే మోతకి చాలామంది వాల్యూమ్ తగ్గించేస్తారు. తగ్గిస్తే తర్వాతి గొణుగుడు వినబడదు, చెయ్యి సన్నివేశం చప్పగా తేలిపోతుంది. మొదట్లో మామూలు మాటలు స్పష్టంగా వినబడేలా వాల్యూమ్ పెట్టుకుని, ఇక రిమోట్ ముట్టుకోకండి. ఫోను స్పీకరు పనికిరాదు, ఇయర్‌ఫోన్లయినా పెట్టుకోండి. ఫ్యాను కూడా ఆపితే మరీ మంచిది.