లైకులొస్తున్నాయి, ఆర్డర్లే రావట్లేదు: చేనేత చీరల ఆన్‌లైన్ అమ్మకంపై చర్చ

సంధానకర్త: నమస్కారం. పోచంపల్లి, మంగళగిరి, గద్వాల... ఏ ఊరి చీరైనా ఇవాళ ముందు ఫోన్‌లోనే కనిపిస్తోంది. రీల్‌కి వేలల్లో లైకులు పడుతున్నాయి. సాయంత్రం లెక్క చూసుకుంటే అమ్మినవి రెండో మూడో. తేడా ఎక్కడొస్తోంది? మనతో ఒక చేనేత చీరల వ్యాపారి, చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా సలహాదారు, ఆన్‌లైన్ ప్రకటనల నిపుణుడు ఉన్నారు. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

సలహాదారు: బేరం పోతున్నది రీల్ దగ్గర కాదండి, కామెంట్ల దగ్గర. "ధర ఎంతండీ?" అని అడుగుతారు. కొట్టువాళ్లు "డీఎం చేయండి", అంటే విడిగా మెసేజ్ పెట్టండి అని జవాబిస్తారు. ఆవిడ ఈలోపు ఇంకో పది చీరలు చూసేసి ఉంటుంది. ధర వీడియో మీదే రాయండి. నూలా, పట్టా, రెండూ కలిసిన సీకోనా అన్నది రాయండి. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు అని కొలతలూ రాయండి. మెసేజ్‌లు తగ్గుతాయి, నిజమే. కానీ వచ్చేవి కొనాలనుకున్నవాళ్ల నుంచే వస్తాయి.

వ్యాపారి: ధర పెడితే పక్క కొట్టువాళ్లు యాభై తగ్గించి పెడతారు మేడమ్. మావాళ్లందరి భయం అదే.

సలహాదారు: పెట్టనివ్వండి. మీ సరుకులో ఉన్న పనితనం చూపించడం మీ చేతుల్లో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకోండి. దారానికి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే చీర తిరగేసినా డిజైన్ అంతే ముదురుగా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు చీర వెనకవైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. చెంగు పట్టుకుని కెమెరా ముందు ఒక్కసారి తిరగేయండి. మూడు సెకన్ల పని, నూరు మాటల పెట్టు. ప్రింటు అమ్మితే మాత్రం ప్రింటనే రాయాలి. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. ఆ పేరు ప్రింటుకి తగిలిస్తే నేతగాడి కూలి కొట్టినట్టే.

సంధానకర్త: "ఫోన్‌లో చూసిన రంగు వేరు, వచ్చింది వేరు" అనే ఫిర్యాదు ఎక్కువ కదా?

సలహాదారు: చీరలు వెనక్కొచ్చేది ఎక్కువగా దాంతోనే. ట్యూబ్‌లైటు కింద మెరూన్ ఒక రంగు, నీడలో ఒక రంగు. పొద్దున పదింటప్పుడు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తీయండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. ఫోన్‌లో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా తప్పు పడుతోందని అర్థం. తెరమీద వేలు అలాగే నొక్కిపెడితే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి, లేదంటే చీర కదిలినప్పుడల్లా రంగు మారిపోతుంది. ఫిల్టర్ వాడొద్దు. నిలువు వీడియో, 20 నుంచి 30 సెకన్లు. మొదటి రెండు సెకన్లలో చెంగు కనపడాలి. చాలామంది అక్కడ షాపు బోర్డు, లోగో పెడుతున్నారు. చూసేవాళ్లు అక్కడే పైకి తోసేస్తారు.

వ్యాపారి: సినిమా పాట పెడితే ఒక్కోసారి శబ్దం తీసేస్తున్నారు.

ప్రకటనల నిపుణుడు: బిజినెస్ ఖాతాకి సినిమా పాటల హక్కులు ఉండవండి. అదే రీల్‌ని డబ్బు పెట్టి ప్రకటనగా మారుద్దామంటే పాట దగ్గరే ఆగిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ నడిపే మెటావాళ్ల సౌండ్ కలెక్షన్‌లో వాడుకోదగ్గ సంగీతం ఉంది. నన్నడిగితే మగ్గం చప్పుడు, నేతకి ముందు దారం చుట్టే ఆసు పోసే చప్పుడు అలాగే వదిలేయమంటాను. అంతకన్నా మంచి సంగీతం చేనేతకి ఇంకేముంటుంది?

సంధానకర్త: వాట్సాప్ సంగతి చెప్పండి మేడమ్.

సలహాదారు: కొట్టుకి వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, ఉచితమే. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పడతాయి. చేనేతలో చిక్కేమిటంటే చాలా చీరలు ఒక్కటే పీసు. అమ్మిన నిమిషంలో కేటలాగ్‌లోంచి దాచేయకపోతే అదే చీరకి ఇద్దరు డబ్బు పంపుతారు. "అరగంట పక్కన పెడతాం, డబ్బు రాకపోతే తర్వాతివాళ్లకి ఇస్తాం" అని ముందే చెప్పండి. రోజూ అడిగే ప్రశ్నలకి క్విక్ రిప్లై, అంటే ముందే రాసిపెట్టిన జవాబు, పెట్టుకోండి. "కొత్తవారు", "డబ్బు రావాలి", "పంపాం" అని లేబుళ్లు వేయండి, రాత్రి ఒకసారి రెండో లేబుల్ చూసుకుంటే చాలు.

ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది పరిమితి. మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కాబట్టి ప్రతి పార్సిల్‌లో "ఈ నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త చీరలు ముందు మీకే" అని చీటీ పెట్టండి. ఎవరో అమ్మే నంబర్ల జాబితా మాత్రం కొనొద్దు. తెలియనివాళ్లు బ్లాక్ చేసి రిపోర్ట్ కొడతారు, మీ నంబరే ఆపేస్తారు. శ్రావణమాసంలో అలా జరిగితే ఆ సీజన్ పోయినట్టే.

వ్యాపారి: మరి డబ్బు కట్టి రీల్‌ని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్? నొక్కమంటారా, వద్దంటారా?

ప్రకటనల నిపుణుడు: వచ్చిన మెసేజ్‌కి పది నిమిషాల్లో జవాబిచ్చే మనిషి ఉంటేనే నొక్కండి. లక్ష్యం దగ్గర లైకులు, ప్రొఫైల్ సందర్శనలు కాకుండా మెసేజ్‌లు ఎంచుకోండి. ఒక లెక్క వేద్దాం. రోజుకి 300, ఏడు రోజులకి 2,100. దానిమీద 18 శాతం జీఎస్టీ 378. మొత్తం 2,478. 60 మెసేజ్‌లు వచ్చాయనుకోండి, ఒక్కోటి 41 రూపాయలు. అందులో ఆరుగురు కొంటే చీరకి 413 ప్రకటన ఖర్చు. చీర మీద మిగిలేది 700, కొరియర్ 100 పోతే 600. అంటే చేతికి 187. అదే నలుగురే కొంటే ఖర్చు దాదాపు 620, చీరకి 20 రూపాయలు ఎదురు. ప్రకటన అదే, మెసేజ్‌లూ అవే, జవాబులో ఇద్దరు జారిపోయారు, అంతే.

ఇంకొకటి, రోజూ ప్రకటన మార్చొద్దు. వారంలో సుమారు 50 ఫలితాలు వస్తేగాని ఎవరికి చూపించాలో సిస్టమ్‌కి అంతుబట్టదు. పెద్ద మార్పు చేసినప్పుడల్లా ఆ నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. 300 రూపాయల్ని ఐదు ప్రకటనలకి పంచితే ఏదీ ఆ దశ దాటదు.

సంధానకర్త: అమెరికాలో ఉన్న మనవాళ్లకి?

ప్రకటనల నిపుణుడు: వాళ్ల సమయం చూసుకోండి. డాలస్‌లో రాత్రి తొమ్మిదంటే మనకి మర్నాడు ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. మన కొట్టు తీసేది పదింటికి. ఆ రెండు గంటలు ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేల్చుకోండి.

సంధానకర్త: ఇన్‌ఫ్లుయెన్సర్లకి చీర ఉచితంగా ఇచ్చి వీడియో చేయించడం?

సలహాదారు: చేయించండి, కానీ అది ప్రకటన అని వీడియోలోనే చెప్పాలి. డబ్బివ్వకుండా చీరే ఇచ్చినా అంతే. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి చట్టం ప్రకారం మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా.

వ్యాపారి: డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్లు పెడుతున్నారండి.

సలహాదారు: స్క్రీన్‌షాట్‌ని లెక్కలోకే తీసుకోవద్దు. మీ ఖాతాలో జమైందని చూశాకే పార్సిల్ కట్టాలి. చేతికందాక చెల్లిస్తామనేవాళ్ల దగ్గర 200 ముందుగా తీసుకోండి, రానుపోను కొరియర్ ఖర్చైనా మీ మీద పడదు. చీర చేరిన నాలుగో రోజున ఒక వాయిస్ నోట్ పెట్టండి: పట్టయితే డ్రైక్లీనింగ్, నూలైతే మొదటిసారి విడిగా చన్నీళ్లలో అని. దానికి తిరిగి జవాబిచ్చినవాళ్లకి ఒక లేబుల్ వేసి ఉంచండి. దసరా సరుకు రీల్‌లో పెట్టేముందు వాళ్లకి చూపించండి.