పేజ్‌మేకర్ తెరుచుకుంది, తెలుగు రావడం లేదు

వ్యాఖ్యాత: నమస్కారం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అప్పటినుంచి పాత కంప్యూటర్లలో విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నవాళ్లు, తమ విండోస్ ప్రోగ్రాములు అందులో ఎలా నడపాలని అడుగుతున్నారు. ఈరోజు విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే ‘వైన్’ గురించి మాట్లాడదాం. మొదటి కాల్ ఖమ్మం నుంచి. చెప్పండి సార్.

ఖమ్మం కాలర్: నమస్తే మేడమ్. నాది డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తాను. లైనక్స్ మింట్ వేసి, వైన్‌లో పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7 పెట్టాం. తెరుచుకుంటోంది. కానీ పాత కార్డు ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయి. తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్ ఆన్ చేసినా టైప్ చేస్తే ఇంగ్లిషే పడుతోంది. ముహూర్తాలు దగ్గరికొచ్చాయి, టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: నమస్తే అండి. మీ ఫైళ్లు పోలేదు, ముందు ఆ భయం వదిలేయండి. మీరు వాడేవి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి, రాకముందు నాటి ఫాంట్లు. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఫాంట్ దొరక్కపోతే కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరమే బయటపడుతుంది. కాబట్టి పేజ్‌మేకర్ ఉన్న వైన్ ఫోల్డర్లో డ్రైవ్ సీ, అందులో విండోస్, అందులో ఫాంట్స్ అని ఉంటుంది. మీ తెలుగు ఫాంట్ల టీటీఎఫ్ ఫైళ్లు అక్కడ కాపీ చేసి, పేజ్‌మేకర్ మూసి మళ్లీ తెరవండి.

ఖమ్మం కాలర్: మరి కీబోర్డు?

నిపుణురాలు: ఒకటి అడుగుతాను. రెండు ప్రోగ్రాములూ ఎలా ఇన్‌స్టాల్ చేశారు?

ఖమ్మం కాలర్: మా అబ్బాయి చేశాడు మేడమ్. వైన్‌ని మౌస్‌తో నడిపే టూల్ ఏదో ఉంటే, దాంట్లో ఒకదాని తర్వాత ఒకటి.

నిపుణురాలు: చిక్కు అక్కడే ఉన్నట్టుంది. అలాంటి టూల్స్ చాలావరకు ఒక్కో ప్రోగ్రామ్‌కీ ఒక్కో ప్రిఫిక్స్ కడతాయి. ప్రిఫిక్స్ అంటే సొంత సీ డ్రైవ్, సొంత రిజిస్ట్రీ, అంటే సెట్టింగుల చిట్టా, ఉన్న విడి ఫోల్డర్. మామూలుగా అది మంచి పద్ధతే, ఒకదాని గొడవ ఇంకోదానికి అంటదు. కానీ కీబోర్డు ప్రోగ్రామ్ పని ఏమిటి? మీరు నొక్కిన మీటను మధ్యలో పట్టుకుని తెలుగుగా మార్చి పేజ్‌మేకర్‌కి అందించడం. వేరే గదిలో కూర్చుంటే ఈ గదిలో నొక్కిన మీట దానికి తెలియదు. రెండూ ఒకే ప్రిఫిక్స్‌లో ఉండాలి. ఆ టూల్‌లో పేజ్‌మేకర్ ప్రిఫిక్స్‌ని ఎంచుకుని, కీబోర్డు సెటప్ ఫైలును అందులోనే నడపండి. ముందు కీబోర్డు, తర్వాత పేజ్‌మేకర్ తెరవండి.

ఖమ్మం కాలర్: అప్పుడు వస్తుందా మేడమ్?

నిపుణురాలు: మామూలు కీబోర్డు ప్రోగ్రామ్ అయితే వచ్చే అవకాశం బాగా ఉంది. అది యూఎస్‌బీ డాంగిల్, అంటే తాళంచెవిలా గుచ్చే లైసెన్సు ముక్క, అడిగేదైతే మాత్రం ఆశ పెట్టుకోకండి. వైన్ కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ని సృష్టించదు, విండోస్‌ని అడిగే పనులను లైనక్స్‌కి అర్థమయ్యే పనులుగా మారుస్తుంది, అంతే. విండోస్ హార్డ్‌వేర్ డ్రైవర్లు ఆ దారిలో నడవవు. ఇంకో మాట. ఒక కార్డు మొదటినుంచి చివరిదాకా చేసి ప్రింట్ తీసేవరకు పాత విండోస్ డిస్కు చెరపకండి. ప్రింటర్ కనిపించకపోతే 32 బిట్ కప్స్ లైబ్రరీ ఉందో లేదో చూడండి. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామ్, లైనక్స్‌లో ప్రింటింగ్ చూసేది కప్స్. అంతా కుదిరాక ఆ ప్రిఫిక్స్ ఫోల్డర్‌ని టార్ ఫైలుగా, అంటే ఒకే మూటగా, కట్టి దాచండి. పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే లోపలి లింకులు చాలాసార్లు పోతాయి.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఒక విద్యార్థిని. చెప్పమ్మా.

విజయవాడ కాలర్: మేడమ్, వైన్‌లో ప్రోగ్రామ్ ఓపెన్ కాకపోతే సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపాను. ఇప్పుడు మామూలుగా నడిపితే వైన్ ఫోల్డర్ ‘ఈజ్ నాట్ ఓన్డ్ బై యూ’, అంటే నాది కాదు, అంటోంది.

నిపుణురాలు: సుడోతో వైన్ ఎప్పుడూ నడపొద్దమ్మా. ఆ ఫోల్డర్ రూట్, అంటే అడ్మిన్, పేరు మీదకి వెళ్లిపోయింది. అందులో నీ ఫైళ్లు ఉంటే యజమానిని మార్చే చోన్ కమాండ్‌తో నీ పేరు మీదకి మార్చుకో. లేకపోతే ఫోల్డర్ పేరు మార్చేసి వైన్ నడుపు, కొత్తది అదే కట్టుకుంటుంది. అసలు మొదట్లో ఎందుకు ఓపెన్ కాలేదో చూశావా?

విజయవాడ కాలర్: లేదు మేడమ్. ఐకాన్ నొక్కితే ఏమీ రాలేదు.

నిపుణురాలు: ఐకాన్ కాదు, టెర్మినల్లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, నడుపు. ‘ఫిక్స్‌మీ’ అని వరసగా వస్తే కంగారుపడకు, వైన్ తయారుచేసేవాళ్లు తమ కోసం రాసుకున్నవి చాలావరకు. ‘ఎర్’ అని మొదలయ్యే లైన్లు వెతుకు. ‘లైబ్రరీ నాట్ ఫౌండ్’ అని ఒక డీఎల్ఎల్, అంటే ప్రోగ్రామ్‌కి కావలసిన సహాయక ఫైలు, పేరు కనిపిస్తే, ఆ ఒక్కటే అలాంటివి వేసిపెట్టే టూల్ వైన్‌ట్రిక్స్‌తో వేసుకో. ఎవరో చెప్పారని పది కలిపి వేస్తే ఏది పని చేసిందో, ఏది పాడు చేసిందో తెలియదు. ‘వైన్ 32 ఈజ్ మిస్సింగ్’ అని వస్తే ఏ కమాండ్ ఇవ్వాలో ఆ కిందే రాసి ఉంటుంది, చదువు.

విజయవాడ కాలర్: సరే మేడమ్. నెట్‌లో దొరికిన ఈఎక్స్ఈ, అంటే విండోస్ ప్రోగ్రామ్ ఫైలు, ఏదైనా లైనక్స్‌లో భయం లేకుండా నడపొచ్చా?

నిపుణురాలు: వద్దమ్మా. జెడ్ డ్రైవ్ పేరుతో వైన్ నీ మొత్తం లైనక్స్ ఫోల్డర్లను ఆ ప్రోగ్రామ్‌కి చూపిస్తుంది. నువ్వు చెరపగలిగిన ఫోటోలు, నోట్సు అదీ చెరపగలదు. వైన్ సెట్టింగులు మార్చే వైన్‌సీఎఫ్‌జీ తెరిచి డ్రైవ్స్ ట్యాబ్‌లో జెడ్‌ని తీసేస్తే కొంత నయం, కానీ పూర్తి రక్షణ కాదు. తెలియని ఫైలు నడపకపోవడమే మేలు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కర్నూలు నుంచి, లైన్లోనే ఉండండి. చిన్న విరామం.