బరువుంటే కదలదా?

యాంకర్: సార్వా (ఖరీఫ్) కోతలకి వరికోత మిషన్లు లారీలెక్కి రావులపాలెం మీదుగా కోనసీమలోకి దిగే రోజులివి. వాటిని లారీ మీద ఎలా కడుతున్నారన్నదే ఇవాళ్టి చర్చ. ఓనర్ గారూ, మీతోనే మొదలుపెడదాం.

లారీ ఓనర్: ఆయ్. రెండు నైలాన్ మోకులు అటూ ఇటూ లాగి కట్టేస్తామండి. అంత బరువుంది, ఎక్కడికి కదులుతుంది?

ఇంజినీర్: లెక్క తేలిగ్గా ఉండటానికి 10 టన్నుల మిషను అనుకుందాం. సడన్ బ్రేకు కొడితే ముందుకి 8 టన్నుల తోపుడు, మలుపులో పక్కకి 5 టన్నులు. వీటికి తట్టుకునేలా కట్టాలన్నది యూరప్ వాళ్ల ప్రమాణం. బరువు ఎంత పెరిగితే తోపుడూ అంతే పెరుగుతుంది.

యాంకర్: మరి కింద పట్టు ఉండదా?

ఇంజినీర్: కింద ఏముందో చూడాలి. తడి చెక్క మీద ఇనుము రాపిడి సుమారు 2 టన్నులే ఆపుతుంది. మిగతా 6 గొలుసులే ఆపాలి. మంచి రబ్బరు మ్యాట్ వేస్తే 8లో 6 రాపిడే ఆపేస్తుంది, గొలుసులకి 2 మిగులుతాయి.

మెకానిక్: మన దగ్గర తడి చెక్క కూడా కాదు సార్, బురద. చేలోంచి వచ్చిన మిషను ట్రాకుల (చక్రాల బదులు ఉండే పట్టాల) నిండా ఒండ్రు. అలాగే ఎక్కించేస్తారు. సబ్బు రాసినట్టే!

లారీ ఓనర్: రాత్రి పదింటికి అవతలి ఊరి రైతు ఫోన్ మీద ఫోన్ కొడుతుంటే కడిగే తీరికేదండీ?

యాంకర్: రైతు మీదకి నెట్టేశారు! (నవ్వులు)

మెకానిక్: ఇక నైలాన్ సాగుతుంది. ఇక్కడ బిగుతుగా కట్టింది జొన్నాడ దాటేసరికి వదులు. గొలుసులు వేసి టర్న్‌బకిల్‌తో, అంటే మర తిప్పి బిగించే కొక్కెంతో, బిగించాలి. అదీ మిషనుకి కంపెనీ ఇచ్చిన కొక్కేలకే. కొందరు చేతికి అందిన రాడ్డుకి కట్టేస్తారు, పక్కన హైడ్రాలిక్ పైపు నలిగిపోతుంది. కట్టర్ (ముందుండే కోత భాగం) కిందికి ఆనించి, ట్రాకులకి ముందూ వెనకా దుంగలు అడ్డం పెట్టాలి.

ఇంజినీర్: పైనుంచి వేసే మోకు లారీ బెడ్డుకి 30 డిగ్రీల్లో వాలితే, లాగిన బలంలో సగమే కిందికి నొక్కుడుగా అందుతుంది. నిటారుగా దిగితేనే పూర్తిగా.

లారీ ఓనర్: నిజం చెప్పాలంటే, నిరుడు కాలువ గట్టు మలుపులో మాది జానెడు జరిగిందండి. గుండె ఆగినంత పనైంది.

యాంకర్: తర్వాత ఏం మార్చారు?

లారీ ఓనర్: బయల్దేరిన కాసేపటికి ఆపి, మోకులు చేత్తో లాగి చూస్తున్నా.

మెకానిక్: మోకులే! గొలుసులు మా షెడ్డులో ఉన్నాయి, రేపు పట్టుకెళ్లండి.

లారీ ఓనర్: అద్దె ఎంతండీ?